దిగంతమే కొలబద్ద
(భూమిని కొలిచినవాళ్ళు – ధారావాహిక)

ల్యాంబ్టన్ సర్వే దండును పోయినవారం హైదరాబాదు సంస్థానంలో వదిలిపెట్టాం. 1802లో మద్రాసు దగ్గర మొదలైన ఆ త్రికోణాల వరస దక్కను మీదుగా ఉత్తరానికి పాకడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఆ దండులోని ఎవరెస్టు అంతటివాడే జ్వరంతో మంచాన పడ్డాడు. ఎన్ని అగచాట్లు పడ్డా ఆ సర్వేకు కొన్ని ఆసరాలున్నాయి. థియొడొలైట్ నిలపడానికి గుట్టలున్నాయి, గుట్టలు లేనిచోట గుడి గోపురాలున్నాయి, బరువులు మోయడానికి ఊళ్ళ నుంచి కూలీలు దొరికారు. ఇవేవీ లేని దేశానికి పటం గీయాలంటే ఎలా?

కెనడాకు ఈ చిక్కు వచ్చింది. 1921 జనాభా లెక్కల్లో ఆ దేశం మొత్తానికీ తేలిన జనం 88 లక్షల లోపు. మన మద్రాసు రాజధాని ఒక్కదానిలోనే అప్పటికి 4 కోట్ల పైచిలుకు మంది ఉన్నారు. కెనడా విస్తీర్ణమా, సుమారు కోటి చదరపు కిలోమీటర్లు. జనమంతా దక్షిణపు అంచున రైలు కట్టను పట్టుకుని ఉన్నారు. ఉత్తరాన మానిటోబా, సస్కాచెవాన్, ఒంటారియో రాష్ట్రాల పైభాగమంతా ఒకప్పుడు మంచు పలకలు గీకి వదిలేసిన గట్టి రాతి నేల. ఎత్తుపల్లాలు తక్కువ. రాతి గుంటల్లో నీళ్ళు నిలిచి వేల సరస్సులు, వాటి మధ్య బురద, స్ప్రూస్ చెట్లు. ఎక్కి చూద్దామంటే కొండ ఉండదు. చెట్టెక్కినా ఇంకో చెట్టే కనిపిస్తుంది.

అప్పటి పటాల్లో ఆ ప్రాంతం చూడటానికి వింతగా ఉండేది. బొచ్చు తోళ్ళ వర్తకులు పడవల్లో తిరిగిన నదుల దారులు మాత్రం గీతలుగా పడి ఉండేవి. ఆ గీతలకు రెండు పక్కలా తెల్ల కాగితం. అక్కడ తరతరాలుగా బతుకుతున్న క్రీ, దెనె జాతులవాళ్ళకు ఏ సరస్సు నుంచి ఏ సరస్సుకు పడవ మోసుకెళ్ళాలో కంఠతా వచ్చు. ఆ తెలివిడి ఒట్టావాలోని కార్యాలయాల గోడల మీదికి ఎక్కలేదు, అంతే. గనులవాళ్ళకు, కలప కంపెనీలకు, జలవిద్యుత్తు కోసం జలపాతాలు వెతికేవాళ్ళకు, అడవి మంటలను ఆర్పేవాళ్ళకు ఇప్పుడు పటం కావాలి. 1926లో ఒంటారియోలోని రెడ్ లేక్ దగ్గర బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు ఈ అవసరం మరీ ముదిరింది.

ఈ కథలో మొదటి మనిషి విమానం ఎక్కినవాడు కాదు. ఎడ్వార్ గాస్టన్ డెవిల్ 1849లో ఫ్రాన్సులో పుట్టాడు. నౌకాదళంలో చేరి దక్షిణ సముద్రాల్లో తీరాల సర్వే చేశాడు. 1874లో కొలువు మానుకుని కెనడా వచ్చి, 1885కల్లా ఆ దేశపు సర్వేయర్ జనరల్ అయ్యాడు. సరిగ్గా అదే ఏడు కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం రాకీ పర్వతాలను దాటి పూర్తయింది. రైలుకు రెండు పక్కలా ఉన్న ఆ కొండలకు పటం కావాలన్నారు. అక్కడ వేసవి రెండు మూడు నెలలు, అందులోనూ సగం రోజులు మబ్బు. శిఖరం ఎక్కి, బల్ల పరిచి, అక్కడికక్కడే పటం గీసే పాత పద్ధతికి ఆ కాలం చాలదు. డెవిల్ తన మనుషులకు కెమెరాలు ఇచ్చి కొండలెక్కించాడు. శిఖరం మీద కెమెరాను మట్టసంగా నిలిపి చుట్టూ ఫోటోలు తీసుకోండి, దిగి రండి, పటం సంగతి చలికాలంలో ఆఫీసులో కూర్చుని చూద్దాం అన్నది ఆయన ఏర్పాటు. జె. జె. మెకార్థర్ వంటి సర్వేయర్లు అలా గాజు పలకలు మోసుకుంటూ శిఖరం తర్వాత శిఖరం ఎక్కారు. ఒకే శిఖరం రెండు మూడు చోట్ల నుంచి తీసిన ఫోటోల్లో పడితే, ఆ చూపు గీతలు కలిసే చోటే దాని స్థానం.

డెవిల్ ఈ విద్య మీద పుస్తకం రాశాడు, 1895లో దాన్ని పెంచి మళ్ళీ వేశాడు. అందులో ఒక చిన్న ఉపాయం ఉంది. ఎత్తు నుంచి కిందికి చూసి తీసిన ఫోటోలో చదునైన లోయ, అందులో మెలికలు తిరిగే నది ఉన్నాయనుకోండి. నది ఒడ్డున ఒక్కొక్క బిందువునూ కొలుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. దానికి బదులు నేల మీద చదరాలు గీసి ఉంటే అవి ఫోటోలో ఎలా కనిపించేవో లెక్కకట్టి, ఆ గళ్ళను ఫోటో మీద పరిచి, గడి గడిగా నదిని కాగితం మీదికి ఎత్తుకోవచ్చు. ఆ పుస్తకంలో ఇది పక్కవాటుగా చెప్పిన సంగతి. పాతికేళ్ళ తర్వాత దేశ పటమంతా దీని మీదే నిలబడుతుందని అప్పట్లో డెవిల్ కూడా అనుకుని ఉండడు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్ దగ్గర విమానాలు గుట్టలుగా మిగిలాయి. వాటిని తన వలస రాజ్యాలకు కానుకగా పంచింది. కెనడాకు నూరు పైచిలుకు వచ్చాయి, భారతదేశానికీ వాటా వచ్చింది. కెనడా ఆ విమానాలను అడవుల కాపలాకు, సర్వేకు దింపింది. 1924 ఏప్రిల్ 1న రాయల్ కెనడియన్ వైమానిక దళం ఏర్పడింది. పేరుకు సైన్యమే గాని మొదటి పదేళ్ళు అది చేసిన పని చాలామటుకు మంటలు కనిపెట్టడం, ఫోటోలు తీయడం.

ఆ 1924 వేసవిలోనే బాసిల్ హాబ్స్ అనే అధికారి వికర్స్ వైకింగ్ అనే నీటి విమానంలో మానిటోబా, సస్కాచెవాన్ ఉత్తర భాగాలకు, రెయిన్‌డీర్ సరస్సు వైపు ఫోటోల యాత్రకు బయలుదేరాడు. ఈ హాబ్స్ సామాన్యుడు కాడు. 1917 జూన్‌లో ఉత్తర సముద్రం మీద ఎల్-43 అనే జర్మన్ జెప్పలిన్‌ను కూల్చిన విమానం నడిపింది ఇతనే. యుద్ధంలో అంత పేరు తెచ్చుకున్నవాడు ఇప్పుడు సరస్సు నుంచి సరస్సుకు దిగుతూ, పెట్రోలు నింపుకుంటూ, బొమ్మలు తీయించే పనిలో పడ్డాడు. ఏళ్ళ తరబడి నేలమీద నడిచినా చూడలేనంత ప్రదేశం ఒక్క వేసవిలో ఫిల్ములోకి ఎక్కింది. దేశపు ఫోటో సర్వేకు ఆద్యుడైన డెవిల్ అదే ఏడు ఒట్టావాలో కన్నుమూశాడు.

ఇక అసలు తగువుకు వద్దాం. విమానం నుంచి ఫోటో తీయడం రెండు రకాలు. కెమెరాను నిట్టనిలువుగా కిందికి పెట్టి తీస్తే వచ్చే బొమ్మ ఇంచుమించు పటంలాగే ఉంటుంది. అందులో ఈ మూలా ఆ మూలా ఒకే కొలత. కెమెరాను వంచి, ముందుకో పక్కకో ఏటవాలుగా చూపించి తీస్తే దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా వస్తుంది. సర్వే తెలిసిన ఎవరిని అడిగినా నిలువు ఫోటోయే మేలంటారు. అది నిజం కూడా. ఐరోపాలో అంతా అటే మొగ్గారు.

ఖర్చు దగ్గరే వచ్చింది పేచీ. 5,000 అడుగుల ఎత్తున ఎగురుతూ ఆనాటి కెమెరాతో నిలువు ఫోటోలు తీస్తే ఒక్క బారులో దొరికేది సుమారు మైలు వెడల్పు నేల. ఒక బారుకూ పక్క బారుకూ కొంత కలవాలి కాబట్టి అదీ పూర్తిగా దక్కదు. అదే ఎత్తులో కెమెరాను వంచి ఎదురుగా ఒకటి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి – ఇలా విసనకర్ర విప్పినట్టు మూడేసి ఫోటోలు తీసుకుంటూ పోతే సుమారు ఆరు మైళ్ళకు ఒక బారు చాలు. పెట్రోలు, ఫిల్ము, పైలట్ గంటలు అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. రెండు నెలల వేసవిలో మబ్బు లేని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండే చోట ఇది డబ్బును మించిన లాభం. ఒట్టావాలోని టోపోగ్రాఫికల్ సర్వే, ఎ. ఎం. నారవే వంటి అధికారుల చేతుల మీదుగా, ఏటవాలుకే ఓటు వేసింది.

ఏటవాలు ఫోటో నుంచి పటం ఎలా వచ్చేదో కాస్త దగ్గరగా చూడాలి, ఈ కథలో అందమంతా అక్కడే ఉంది.

విమానం 5,000 అడుగుల మీద ఉంది. ఫోటో పైభాగంలో నింగీ నేలా కలిసే గీత పడింది. పైపైన చూస్తే ఆ ముక్క దండగ. ఆకాశాన్ని పటంలో ఏం చేసుకుంటాం? కానీ పనంతా చేసిపెట్టేది ఆ గీతే. అది ఒక పక్కకు ఒరిగి ఉంటే షట్టర్ పడ్డ క్షణాన విమానం రెక్క అంతే ఒరిగిందన్నమాట. ఫోటో నడిమి బిందువు ఆ గీతకు ఎంత కింద ఉందో స్కేలు పెట్టి కొలిస్తే కెమెరా ఎంత వంగి ఉందో తేలిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. భూమి గుండ్రన కాబట్టి 5,000 అడుగుల నుంచి కంటికి కనిపించే దిగంతం 80 మైళ్ళ పైచిలుకు దూరాన, అసలు మట్టానికి ఒక డిగ్రీ చిల్లర కిందికి ఉంటుంది. ఎంత కిందికో ఎత్తును బట్టి ముందే తెలుసు కాబట్టి దాన్ని సరిచేసుకుంటారు. ఎత్తు సంగతి ఆల్టిమీటర్ చెబుతుంది. గాలిలో ఊగిపోయే విమానంలో కెమెరా ఏ కోణంలో ఉందో కొలిచే యంత్రమేదీ లేకుండానే, తీసిన ఫోటోయే తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసింది!

ఇక గళ్ళు. కొండమీది గుడి మెట్ల మీద నిలబడి కింద వరి మళ్ళను చూడండి. కాళ్ళ దగ్గరి మడి చాపంత, దూరాన ఉన్నది దారప్పోగంత. గట్లన్నీ దూరం పోయేకొద్దీ ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. మళ్ళన్నీ ఒకే కొలత అని మనకు ముందే తెలిస్తే, కంటికి ఎంత చిన్నగా కనిపించినా ప్రతిదాని విస్తీర్ణమూ చెప్పేయగలం. నేలమీద లేని ఆ గట్లను సర్వేవాళ్ళు పారదర్శకమైన పలకల మీద లెక్కగట్టి గీశారు. ఎత్తుకూ వంపుకూ తగ్గట్టు ఒక్కో పలక. డ్రాఫ్ట్స్‌మన్ తన ఫోటోకు సరిపడే పలకను బీరువాలోంచి తీస్తాడు, దాని దిగంత రేఖను ఫోటోలోని దిగంతానికి ఆనిస్తాడు, పక్కన కాగితం మీద మామూలు చదరాలు గీసుకుంటాడు. ఫోటోలో సరస్సు ఒడ్డు ఏ గడిలో ఏ మూల నుంచి దూరి ఏ మూల నుంచి బయటపడిందో చూసి, కాగితం మీద అదే గడిలో అలాగే గీస్తాడు. పక్క ఫోటోలో అదే సరస్సు వేరే వైపు నుంచి కనిపిస్తుంది కాబట్టి తప్పొస్తే అక్కడే బయటపడుతుంది. నేలమీద గొలుసుతో, థియొడొలైట్‌తో కొలిచిన బిందువులు అక్కడక్కడా ఉండేవి. మొత్తం అల్లికను వాటికి కట్టేసేవాళ్ళు. దీనికి కెనడా గ్రిడ్ పద్ధతి అని ప్రపంచమంతటా పేరొచ్చింది.

ఇంతా చేసి కొలత నమ్మదగిందేనా? వంపు కోణంలో ఒక మినిట్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తప్పు పోయిందనుకుందాం. 5,000 అడుగుల మీంచి చూస్తే మైలు దూరంలోని బిందువు మూడడుగులు జరుగుతుంది. ఆరు మైళ్ళ దూరానిది 60 అడుగులు జరుగుతుంది. 20 మైళ్ళ దూరానిదైతే 650 అడుగులు. 60 అడుగులంటే మన టిప్పన్ చూసే సర్వేయర్ గుండె ఆగిపోతుంది, సరిహద్దు తగాదాలో ఆ మేర ఒక ఇల్లే లేచిపోతుంది. ఇక్కడ గీస్తున్నది అంగుళానికి నాలుగు మైళ్ళ పటం. అందులో 60 అడుగులు కలం మొన గీసే గీత కంటే సన్నం. కనుక ఫోటోలో దగ్గరి మైళ్ళే వాడుకుని, దూరపు భాగాన్ని వదిలేసేవాళ్ళు. ఆ దూరపు భాగానికి పక్క బారులో ఎలాగూ దగ్గరి ఫోటో ఉంటుంది. సరిగ్గా ఎంత కావాలో అంతే నిఖార్సు, అంతకు పైసా ఎక్కువ పెట్టకపోవడం – ఈ ఇంజనీర్లలో నాకు బాగా నచ్చే గుణం ఇదే.

గళ్ళ పద్ధతికి ప్రాణం చదును నేల. ఆరు మైళ్ళ దూరంలో 100 అడుగుల గుట్ట ఉంటే దాని నెత్తి ఫోటోలో 600 అడుగులకు పైగా అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. గుట్ట వెనక దాగినదేదో అసలు కనిపించదు. డెవిల్ మనుషులు ఎక్కిన రాకీ కొండల్లో ఈ గళ్ళు ఎందుకూ పనికిరావు. ఉత్తరపు రాతి నేలలో మాత్రం ప్రకృతే సాయం చేసింది. నీళ్ళు తమంతట తామే మట్టంగా నిలుస్తాయి. వేల సరస్సులంటే వేల మట్టపలకలు. కాలినడక సర్వేయర్‌కు అడుగడుగునా అడ్డం పడ్డ సరస్సే విమానం దిగడానికి రేవు అయింది, గళ్ళు పరవడానికి చదును అయింది.

ఈ పనికి అచ్చంగా సరిపోయిన విమానం వికర్స్ వెడెట్. మాంట్రియల్‌లో తయారై 1924 చివర తొలిసారి ఎగిరింది. చెక్కతో చేసిన పడవ, దానికి రెండు వరసల రెక్కలు, ముగ్గురు మనుషులు. ఫోటోలు తీసేవాడు ముక్కు దగ్గర కప్పు లేని తొట్టిలో, గాలికి ఎదురుగా. తలకు అడ్డం ఏమీ లేదు, కెమెరాకూ లేదు. విమానం ఎక్కడైనా చెడి సరస్సులో దిగిపోతే కబురంపడానికి పావురాలు వెంట ఉండేవి. రేడియో బరువు మోయలేని రోజులవి. విన్నిపెగ్ సరస్సు ఒడ్డున విక్టోరియా బీచ్, దానికి ఉత్తరాన నార్వే హౌస్, ఇంకా పైన కార్మొరాంట్ లేక్ – ఇవీ మజిలీలు. వేసవిలో అడవి అంటుకుంటే పొగ పది జిల్లాల మేర కమ్ముకునేది. పొగలో నేల కొంత కనిపించినా దిగంతం కనిపించదు, దిగంతం లేని ఫోటోకు గళ్ళు కుదరవు. అప్పుడు అవే విమానాలు కెమెరా దించి మంటల కాపలాకు పోయేవి.

ఫోటోలు వరదలా వచ్చి పడుతుంటే వాటిని భద్రపరచడానికి 1925లో ఒట్టావాలో జాతీయ విమాన ఛాయాచిత్ర భండారం పెట్టారు. ఇవాళ అందులో 60 లక్షలకు పైగా ఫోటోలున్నాయి. 1927లో దేశమంతటికీ ఒకే పద్ధతిలో షీట్లు వేసే జాతీయ పటాల ఏర్పాటు మొదలైంది. అంతవరకూ కాగితం మీద లేని సరస్సులు ఇన్నిన్ని ఒక్కసారి తేలేసరికి వాటికి పేర్లు చాలలేదు. తర్వాతి కాలంలో మానిటోబా రాష్ట్రం యుద్ధాల్లో చనిపోయిన తన సైనికుల పేర్లు 4,000 పైచిలుకు సరస్సులకు, దీవులకు, అఖాతాలకు పెట్టింది. వాటిలో ఎన్నింటికి క్రీ భాషలో అప్పటికే పేర్లున్నాయో అడిగే అలవాటు చాలాకాలానికి గాని రాలేదు.

ఆర్థిక మాంద్యం రాగానే 1932లో వైమానిక దళం బడ్జెట్ తెగ్గోశారు, ఫోటోల పని కుంటుపడింది. దాన్ని మళ్ళీ లేపింది రెండో ప్రపంచయుద్ధం. అలాస్కా మీదుగా సోవియట్ దేశానికి విమానాలు పంపాలి, పసిఫిక్ దీవుల మీద ఎగరాలి, పైలట్ల చేతిలో పటాల్లేవు. ఈసారి అమెరికన్లు ఏటవాలును అందుకున్నారు. అలాస్కాను సర్వే చేస్తున్న వాళ్ళ భూగర్భ సర్వే సంస్థలోని జెరాల్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ బృందం, సైన్యం కలిసి ట్రైమెట్రోగాన్ అనే ఏర్పాటును రూపొందించాయి. మెట్రోగాన్ అనేది విశాలంగా చూసే కటకం. దాని వెనక ఫిల్ము తొమ్మిది అంగుళాల చదరం, కటకం నుంచి ఫిల్ముకు దూరం ఆరంగుళాలు. లెక్క వేస్తే నడిమి నుంచి అటు 37, ఇటు 37 డిగ్రీలు కనిపిస్తాయి. ఒక కెమెరా నిట్టనిలువుగా కిందికి. మిగతా రెండూ చెరోపక్కకు, నిలువు నుంచి 60 డిగ్రీలు తిప్పి. అంటే పక్క కెమెరా 23 డిగ్రీల దగ్గర చూపు మొదలుపెట్టి 97 దగ్గర ముగిస్తుంది. ఇటు నడిమి కెమెరాతో 14 డిగ్రీల మేర కలుస్తుంది, అటు 90 దాటి దిగంతాన్ని పట్టుకుంటుంది. మూడు షట్టర్లు ఒకేసారి పడితే ఈ కొస దిగంతం నుంచి ఆ కొస దిగంతం దాకా నేలంతా ఒక్క దెబ్బకు ఫిల్ములోకి వచ్చేస్తుంది. 20,000 అడుగుల ఎత్తున ఎగిరితే 20 మైళ్ళకు పైగా దూరదూరంగా బార్లు వేసుకుంటూ పోవచ్చు. నడిమి నిలువు ఫోటో ఉండటంతో డెవిల్ నాటి చదును షరతు కూడా సడలింది, కొండల ప్రాంతాలకూ పనికొచ్చింది. పైలట్‌కు కావలసిన పది లక్షలకు ఒకటి కొలత పటాలకు ఇది ధారాళంగా సరిపోయింది.

యుద్ధం అయ్యాక కెనడా వైమానిక దళం బాంబర్లుగా వాడిన లాంకాస్టర్ విమానాలకు కెమెరాలు బిగించి ఆర్కిటిక్ వైపు పంపింది. 1948లో అలాంటి ఒక విమానం నుంచి ఫాక్స్ బేసిన్ ప్రాంతంలో చూస్తే పటం ప్రకారం నీళ్ళుండాల్సిన చోట నేల కనిపించింది. చిన్నా చితకా తిప్ప కాదది, సుమారు 9,500 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి మెదక్ జిల్లా అంత దీవి! బల్లపరుపుగా ఉండి ఏడాదిలో ఎక్కువ భాగం మంచు పట్టి ఉండటంతో అటు పోయిన ఓడలకు ఆనవాలు చిక్కలేదు. ఇన్యుయిట్ ప్రజలకు అది ఎప్పటినుంచో తెలుసు. 1932లో డబ్ల్యు. ఎ. పూల్ అనే నావికుడు ఓషన్ ఈగిల్ అనే చిన్న ఓడలో అటు వెళ్ళి దాని దక్షిణ భాగాన్ని గీసుకొచ్చాడు కూడా. ఆ గీత అచ్చు పటాలకు ఎక్కకుండా పదహారేళ్ళు ఎక్కడో పడి ఉంది. 1948 నవంబరులో బ్రిటన్ రాజకుటుంబంలో పుట్టిన పిల్లవాడి పేరు మీద దీవికి ప్రిన్స్ చార్లెస్ అని పేరు పెట్టారు. పూల్ పేరు పెట్టి ఉంటే న్యాయంగా ఉండేది.

1950ల్లో విమానాలు 30,000 అడుగులకు ఎక్కడం మొదలైంది. అంత ఎత్తు నుంచి నిలువు ఫోటోయే విశాలమైన నేలను చుట్టేస్తుంది. జంట ఫోటోలను కలిపి ఎత్తుపల్లాలు గీసే యంత్రాలు కూడా చేతికొచ్చాయి. ఏటవాలుకున్న చవకదనం పోయింది, దాంతో దాని పనీ పోయింది. అయితే పాత ఫిల్ములు వృథా కాలేదు. 1940ల నాటి ట్రైమెట్రోగాన్ ఫోటోలను హిమానీనదాల మీద పరిశోధించేవాళ్ళు ఇప్పుడు మళ్ళీ బయటికి తీస్తున్నారు. పటం పూర్తికాగానే పక్కన పడేసిన ఆ పక్క కెమెరాల బొమ్మల్లో ఎనభై ఏళ్ళ కిందట మంచు ఎక్కడిదాకా ఉండేదో ఉంది. కంప్యూటర్లు దిగంతాన్ని పట్టుకుని వాటి వంపును సరిచేసి, ఉపగ్రహ చిత్రాల పక్కన పెడుతున్నాయి.

ఫోటోలు ఎన్ని తీసినా వాటిని నేలకు కట్టేసే బిందువులు కావాలి గదా. మంచు సముద్రం మధ్య థియొడొలైట్ ఎవరు మోస్తారు? రెండు రేడియో స్తంభాల మధ్య విమానాన్ని ఎగరేసి వందల మైళ్ళ దూరాన్ని కొలిచిన షోరాన్ కథ వచ్చేవారం.

(ఇంకా ఉంది)